ఎండని బావికి అతిథులు

హనుమంతరాయుడి బావి ఎన్నడూ ఎండలేదు. తనకల్లు చుట్టుపక్కల అంతటి మాట చెప్పుకోదగ్గ బావి మరొకటి లేదు. రెండువేల మూడులో కరువొచ్చి చింతచెట్లు ఆకు రాల్చినప్పుడు కూడా అది ఎండలేదు.

ఆ మాటే అతడు టెలిఫోన్ బూత్ నుంచి బెంగళూరు నందినికి చెప్పాడు. ఆమె, మగడు ప్రణీత్ రైతుల ఇళ్ళలో దిగి, సేద్యం చూసి, రైతు తిన్నదే తిని పోయే రకం. తమవల్ల ఊరి నీళ్ళు తరగకూడదు, ట్యాంకరు తెప్పించకూడదు, అదీ ఆమె షరతు. వాళ్ళకు నచ్చితే నెలనెలా డబ్బిచ్చి దిగే మనుషుల్ని పంపుతారు, ఎద్దుల మేతకు దారి దొరుకుతుంది. నచ్చకపోతే వచ్చే సంతలో ఎద్దులు కటికవాడి పాలు. హనుమంతరాయుడి దిగులంతా ఆ ఎద్దుల మీదే.

ఇక బావి సంగతి. ఎండలేదన్నది నిజమే. ఎండాలంటే ముందు నీళ్ళు పడాలి కదా! వాళ్ళ నాయన తవ్వించిన నాటినుంచి అందులో రాయి తప్ప మరేమీ పడలేదు.

అందుకే వాళ్ళు వచ్చే రోజు పొద్దున్నే కుళ్ళాయప్పకు గంపెడు వేరుశెనగకాయలిచ్చి, అతని ట్యాంకరు నీళ్ళు బావిలో పోయించాడు. రాతి నెర్రెల్లోకి నీళ్ళన్నీ దిగిపోయాయి. బావి గుటకేసిన చప్పుడు కళ్యాణదుర్గం దాకా వినిపించిందట.

"ఏమప్పా, ఇంట్లో కడవ అడుగంటి ఉండాది, నువ్వు బావికి దప్పిక తీరుస్తాండావా?" అంది పెళ్ళాం బయమ్మ.

"ఊరకుండవే. వాళ్ళొచ్చే దాకా నిలుస్తాయిలే."

నిలవలేదు. మధ్యాహ్నం ప్రణీత్ బావిలోకి చేద వేస్తే ఠంగుమంది.

"అన్నా, నీళ్ళు యాడ?"

"లోతెక్కువ సార్. పైకొచ్చేదానికి కొంచెం టైం పడతాది."

బయమ్మకు ఒళ్ళు మండింది. "దాంట్లో నీళ్ళు ఎప్పుడుండినాయి తల్లీ! పొద్దున ట్యాంకరు పోయించినాడు. అది తాగేసింది."

నందిని మొహం మాడిపోయింది. సంచి భుజానికెత్తుకుంది. హనుమంతరాయుడు ఎద్దుల వైపు చూశాడు.

"పోతే పోదువులే, సంగటి తిని పో," అంది బయమ్మ. "ఈడ ఎండ. లోపలికి దిగండి."

"ఎక్కడికి?"

"బావిలోకే. ఎండాకాలం మేము తినేది ఆడనే."

మెట్లు దిగారు. పొద్దున పోసిన నీళ్ళకు బండలింకా చల్లగా ఉన్నాయి. రాగిసంగటి, శెనక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టింది బయమ్మ. తిన్నాక, నలుగురూ చేతులు కడిగిన నీళ్ళు తొట్టిలో పట్టి, పైకి మోసుకుపోయి కరివేపాకు చెట్టుకు పోసింది.

"రోజూ ఇంతేనా?" సంచితో వెనకాలే పైకొచ్చిన నందిని అడిగింది.

"ఇంకెట్లమ్మా? పారబోసేదానికి ఉంటే కదా!"

నందిని వంగి ఆ చెట్టు మొదట్లో తడిని ముట్టుకుంది. సంచి భుజం మీంచి దిగింది. "వచ్చే నెల ఇంకొంతమంది వస్తారన్నా. ట్యాంకరు కనిపిస్తే మాత్రం అదే బస్సుకు వెనక్కి పోతారు."

హనుమంతరాయుడు సంతకు పోలేదు. ఆ సాయంత్రం మేత వేస్తుంటే ఎద్దుల మెడలో గంటలు ఘల్లుమన్నాయి.

ఈ కథలో కల్పించింది ఆ గంటలొక్కటే. అవి అంతకు ముందరి కరువులోనే అమ్ముడుపోయాయి.