ట్రౌట్ మింగిన "వద్దు"

సరస్సు ఒడ్డున పళ్ళు తోముకుని పుక్కిలించి ఊస్తుంటే, నీళ్ళతోపాటు సౌదామిని నోట్లోంచి "వద్దు" అనే మాట కూడా జారి పడిపోతుంది. తెల్లగా, వక్కపలుకంత ఉంటుంది. ఆమె చెయ్యి చాచేలోగా ఒక ట్రౌట్ చేప పైకొచ్చి, దాన్ని గుటుక్కున మింగి, మర్యాదగా తోక ఊపి వెళ్ళిపోతుంది.

జరిగిన నష్టమేమిటో కాఫీ దగ్గర తెలుస్తుంది.

"పెసరట్లు కూడా వేసేద్దామా?" అంటాడు భర్త భుజంగం.

"సరే" అంటుంది.

"మా పిన్ని వాళ్ళని కూడా రమ్మందామా?"

"సరే."

ఆమె సరే అన్నప్పుడల్లా, సెలవులకి అద్దెకి తీసుకున్న ఆ రెండు గదుల ఇంటికి ఇంకో గది మొలుస్తుంది. పెసరట్టు తిరగేసేలోపే భుజంగం పిన్ని తాయారమ్మ పెట్టేబేడాతో దిగుతుంది. వెనక పాతికమంది చుట్టాలు.

"అమ్మాయ్, టిఫినయ్యాక నీకో మాట చెప్పాలి" అంటుంది అరుగెక్కుతూనే.

ఆ మాటేమిటో సౌదామినికి తెలుసు. వాళ్ళ వైపు పెళ్ళిళ్ళన్నిటికీ, ఇంకా పుట్టని పిల్లల పెళ్ళిళ్ళతో సహా, అరిసెల పెత్తనం తనకి అప్పజెప్పబోతున్నారు. ఈలోగా ఆ చేప దొరక్కపోతే ఈ జన్మకి పాకం ముందు నుంచి లేవడం ఉండదు.

"ఏమండీ, పడవెక్కండి. నా మాట పట్టుకురావాలి."

"ఏ మాట?"

"చెప్పగలిగితే పట్టుకోవడం దేనికి?"

ఆ పడవని కయాక్ అంటారు. కాకరకాయలా సన్నగా ఉంటుంది. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు కాళ్ళు చాపుకుని కూర్చోవాలి. ముందు భుజంగం తెడ్డు వేస్తాడు, వెనక ఆమె గాలం పట్టుకుంటుంది. ఇలా చేపలు పట్టడాన్ని ట్రోలింగ్ అంటారు. మరేం లేదు, ఎర కట్టిన తాడు వెనక పొడుగ్గా వదిలేసి, ఏమీ పట్టనట్టు మెల్లగా పోతూ ఉండడమే. చేప తనంతట తానే వెంటపడాలి. పెళ్ళిచూపుల్లాంటి వ్యవహారం, కాకపోతే ఇక్కడ ఎర నిజంగానే మెరుస్తుంది.

"మెల్లగానండీ!"

"నేను మెల్లగానే వేస్తున్నా. సరస్సే తొందరపడుతోంది."

చేప వెంటపడుతుంది. ఎరగా కట్టిన రాగి రేకు చూసి, "వద్దు" అంటుంది. గొంతు అచ్చం సౌదామినిదే. వానపాము కడితే, "వద్దు." రొయ్య కడితే, "వద్దు." విసుగెత్తి కొంగున ఉన్న చేగోడీ గుచ్చితే, వాసన చూసి మరీ, "వద్దు."

"దాని కడుపులో ఉన్నదే ఆ మాటాయె. ఇంకేమంటుంది పాపం?" అంటాడు భుజంగం.

"మీరు దాని తరఫా, నా తరఫా?"

ఈలోగా ఇల్లే కొత్త గదులు వేసుకుంటూ నీళ్ళ మీదకి సాగివస్తోంది. అరుగు మీద తాయారమ్మ చట్నీ నాకుతూ కేకేస్తుంది. "అమ్మాయ్! టిఫిన్ అయిపోవచ్చింది!"

సౌదామినికి ఒళ్ళు మండుతుంది. ఆ మంటలోనే ఒకటి తడుతుంది. తను ఏ పంక్తిలో అయినా "వద్దు" అన్న మాట విని వడ్డన ఆపిందా? ఆపితే పరువేముంది?

కొంగు దోపుకుని, వడ్డించే గొంతు తెచ్చుకుంటుంది. "బాగుంది వరస! ఇలా మొహమాటపడితే ఎలా? ఏం తిన్నావని? ఒక్కటంటే ఒక్కటి."

"వద్దండీ" అంటుంది చేప.

"అండీ" చేరిందంటే దారికొచ్చినట్టే.

"నా మీద ఒట్టే!"

చేప సిగ్గుపడుతూ నోరు తెరిచి చేగోడీ అందుకుంటుంది. సౌదామిని తాడు లాగి, దాని గొంతులోంచి తన మాట తీసి, చీర చెంగుకి తుడిచి నోట్లో వేసుకుంటుంది. చల్లగా, కాస్త నీచు వాసన. గాలం విడిపించి వదిలేస్తే, చేప "సరే" అని మునిగిపోతుంది.

అప్పటికి అరుగు వచ్చి పడవకి ఆనుకుంటుంది.

"అమ్మాయ్, మా వైపు అరిసెల పెత్తనం ఇక నీదే" అంటుంది తాయారమ్మ, చెయ్యి కడుక్కోకుండానే దీవిస్తూ.

"వద్దు చిన్నత్తయ్యా" అంటుంది సౌదామిని, ఒక్కో అక్షరం నమిలి.

"బాగుంది వరస! మొహమాటమా?" అంటుంది తాయారమ్మ.

"మా మీద ఒట్టే!" అంటారు పాతికమందీ.

సౌదామిని పడవలోంచి వంగి అవతలి ఒడ్డు అంచు పట్టుకుంటుంది. పచ్చగా, నున్నగా ఉంటుంది. సరస్సు మధ్యలో ఈ కొస నుంచి ఆ కొసదాకా లావుపాటి ఈనె తేలుతుంది. కడుపు నిండినవాళ్ళు చేసినట్టే, అంచుని తన వైపుకి తెచ్చి, కొండలూ, అరుగూ, పాతికమందీ, ఎత్తిన తాయారమ్మ చెయ్యీ లోపలుండగా, సరస్సుని సగానికి మడిచేస్తుంది. మడిచిన ఆకులో ఎవరూ వడ్డించరు.

"ఇప్పుడు చెయ్యెక్కడ కడుక్కోవడం?" అంటాడు భుజంగం, తెడ్డు ఒళ్ళో పెట్టుకుని.

ఆమె పక్కకి చూస్తుంది. కనుచూపు మేర ఆడవాళ్ళు వరసగా కూర్చుని, ఎవరి సరస్సు వాళ్ళు మడుస్తున్నారు. ఆఖరావిడ ఇంకా మజ్జిగ దగ్గరే ఉంది. ఆవిడ కూడా మడిచేదాకా పంక్తి లేవదు.