ఎడమ తలుపు మీద గీత

మా ఆయనకు కారుంది. నాకు లైసెన్సుంది. ఈ రెండూ ఒకచోట కలవడానికి మాత్రం ముహూర్తం కుదరలేదు. ఈ పరాయి దేశంలో డ్రైవింగ్ పరీక్ష తప్పి, మళ్లీ తప్పి, చివరికి ఎలాగో గట్టెక్కాను. ప్రతి శనివారం మన తెలుగువాళ్ల పిల్లలకు పాట నేర్పడానికి బుకిట్ బటోక్ నుంచి సెరంగూన్ దాకా హార్మోనియం పెట్టె మోసుకుంటూ, రైళ్లు మారుతూ వెళ్తాను. కారిస్తే నా నడుము మిగులుతుంది. ఎప్పుడడిగినా మా ఆయన హరికృష్ణగారి జవాబు ఒక్కటే: పాలిష్ అయ్యాక.

కారుకు పదేళ్లు నిండాయి. ఈ ఊళ్లో కారు పర్మిట్ పదేళ్లకే అయిపోతుంది, చాలామంది అప్పుడే కారు వదిలేస్తారు. ఈయన దాని పర్మిట్ పొడిగించి, ఇక పెళ్లికొడుకును చేస్తానని పూనుకున్నారు. షాపుకిస్తే అయిపోయే పనే, కానీ పరాయి చెయ్యి పడకూడదట. కింద కార్ పార్కులో ఒక శనివారమంతా జిగురుమట్టి లాంటి ముద్దతో రుద్ది మురికి తీశారు. మరో శనివారం మిషన్‌తో కాంపౌండ్ అనే పాలిష్ పేస్టు పట్టించారు. కారు కొన్నరోజు మా అత్తగారు బానెట్ మీద తడి కుంకుమతో దిద్దిన స్వస్తిక్ మరకగా ఉండిపోయింది. దాన్ని పోగొట్టడానికే వారాలు పట్టింది. మరకతో పాటు రంగు పొర కూడా పల్చబడుతోందేమోనని టార్చి వేసి చూసుకుని, మళ్లీ ఆయనే కంగారుపడేవారు.

"అమ్మా, గ్రాబ్ ట్యాక్సీ తీసుకో లా. వై వెయిట్?" అనేది ఇక్కడి యాసలో మా అమ్మాయి కీర్తిక. దానికేం తెలుసు, నాకు కావాల్సింది సవారీ కాదు, స్టీరింగు.

ఆయుధపూజ నాటికి పని ముగిసింది. ఉన్నమాట చెప్పాలి, కారు అద్దంలా మెరిసింది. కుంకుమ భరిణె పట్టుకుని నేను కిందికి దిగితే ఆయన అడ్డంగా నిలబడ్డారు.

"బొట్టొద్దు. మళ్లీ మరక పడుద్ది."

"పోనీ దిష్టికి టైరు మీదైనా ఒక చుక్క పెట్టనివ్వండి."

టైర్లకూ ఏదో పూశారట, అదీ వద్దన్నారు. చక్రాల కింద నిమ్మకాయలూ వద్దు, రసం చిమ్ముతుందట. చివరికి కారుకు దూరంగా నిలబడి అగరొత్తి తిప్పాను. అదే పూజ.

ఆ సాయంత్రం ఒక చుట్టు తిప్పుకొస్తానని వెళ్లారు. తిరిగొచ్చి పార్క్ చేస్తూ, పక్క కారు అద్దంలో మన కారు మెరుపు చూసుకుని మురిసిపోతూ, ఎడమ తలుపును స్తంభానికి ఒరిపించేశారు. తలుపు పొడవునా తెల్లటి గీత. ఇదంతా చెప్పుల స్టాండు పక్కన కూలబడి ఆయనే చెప్పారు. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత జాలేసింది.

"ఇదిగో తాళం. శనివారం నువ్వు తీసుకెళ్లు," అన్నారు.

నిగనిగలాడినప్పుడు ముట్టుకోనివ్వలేదు, గీత పడ్డాక నా చేతిలో పెట్టారు. ఒళ్లు మండింది. అయినా మనిషి ఇప్పటికైనా మెత్తబడ్డాడులే అనుకుని తీసుకున్నాను. శనివారం బానెట్ మీద బొట్టు పెట్టి, నిమ్మకాయలు తొక్కించి, హార్మోనియాన్ని వెనక సీట్లో పడుకోబెట్టి సెరంగూన్ చేరాను. కారు ఎక్కడా తగల్లేదు.

పాఠం కల్పనగారింట్లో. ఆవిడ కిందికి ఎదురొచ్చి, నన్ను పలకరించేలోపే ఎడమ తలుపు చూసింది.

"పోన్లెండి సుభద్రగారూ, కొత్తలో అందరికీ తగులుద్ది. అన్నయ్యగారు మొన్న ఫోన్లో చెప్పారు. మిమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదంటగా. ఎంత ఓపికండీ ఆయనకి."

అరికాలి మంట నెత్తికెక్కింది. తాళం ఎందుకిచ్చారో అప్పుడర్థమైంది. నేను నడపకపోతే ఆ గీత నా మీదికి రాదు మరి. నిజం చెప్పబోయి ఆగాను. ఆ రోజు పిల్లలు శ్రుతిలోనే పాడి కూడా తిట్లు తిన్నారు.

ఇంటికొచ్చేసరికి ఆయన కాంపౌండ్ డబ్బా, గుడ్డలు సర్దుకుని గుమ్మంలో ఉన్నారు. తాళమిస్తే గీత సంగతి చూస్తారట.

"గీత నాదని ఊరంతా చెప్పారుగా," అన్నాను. "గీత నాదైతే కారూ నాదే."

తాళం హ్యాండ్‌బ్యాగులో వేసుకుని జిప్పు లాగాను. పైకి వచ్చేముందు ఆ గీత చివర కాటుకతో దిష్టిచుక్క కూడా పెట్టానని ఇంకా చెప్పలేదు.