ఖాళీలను పూరింపుము

మా పిన్ని ఎదుటివాళ్లను మాట పూర్తి చేయనిచ్చే మనిషి కాదు. "ఇవాళ" అనేలోపే "వర్షమా?" అంటుంది. "తల" అంటే "నొప్పా, మాత్ర వేసుకో" అంటుంది. నా నాలుగో ఏట అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. సగం మాటకే బదులు వినడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటు. అందుకే ఆ గురువారం ఉదయం పదకొండింటికి ఫోనులో ఒక పెద్ద సంగతి మొదలుపెట్టి చివరిదాకా చెప్పగలిగినప్పుడు నాకు ఏదో వెలితిగా తోచింది. పిన్ని ఎక్కడా అడ్డు రాలేదు. నేను ఆపాక ఒక్క క్షణం ఆగి, "అవునే అమ్మడూ" అంది.

పిన్నిది కొండమీద జలాశయం దగ్గర నీటిమట్టం చూసే ఉద్యోగం. గట్టు పక్కన ఒంటిగది ఇల్లు. రోజూ మెట్లు దిగి, రాతిమీద గీసిన అంకెలు చూసి, పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. పదిహేను రోజులకొకసారి సామాన్ల బండి వస్తుంది. మిగతా రోజుల్లో ఆవిడకు తోడు నీళ్లూ, పొగమంచూ, గోడకు బిగించిన ఒక ఫోనూ. ఆ ఫోనులో మాట కిందికి చేరాలంటే దారిలో మూడు టవర్లు దాటాలి. గాలి వీస్తే చాలు, మాట నీళ్లలో మునిగి తేలినట్టు వినిపించేది.

నా ఉద్యోగం వినడం. మాటలను దూరాలకు పంపే పరికరాలు తయారుచేసే చోట ఒక గది ఉంది. లోపల గోడలనిండా మెత్తటి నురగదిమ్మలు, తలుపు అంచులకు లావుపాటి రబ్బరు. గోడలకు చెవులుంటాయంటారు గానీ ఆ గదిలో గోడలు పుట్టుచెవిటివి. అందులో కూర్చుని, హెడ్‌ఫోను పెట్టుకుని, వినిపించిన ప్రతి మాటముక్కకూ ఒకటి నుంచి అయిదు దాకా మార్కు వెయ్యాలి. మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టుంటే అయిదు. భరించలేకపోతే ఒకటి. ఏం మాట్లాడారన్నది మాకు అక్కరలేదు, ఎలా వినపడిందన్నదే లెక్క. ఇరవై ముక్కలు విన్నాక పది నిమిషాలు చెవులకు విశ్రాంతి.

మా ఇంజనీరును అందరూ ముక్కల మాస్టారు అంటారు. కొత్తగా ఎవరు చేరినా కూర్చోబెట్టి ముక్కల పాఠం చెప్పకుండా వదలడు. మన గొంతును సెకనులో యాభయ్యో వంతు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ ఒక్కో కవరులో పెట్టి పంపుతారట. ఆ కవర్లనే ప్యాకెట్లంటారు. అన్నీ ఒకే దారిన పోవు. కొన్ని ఆలస్యంగా చేరతాయి, కొన్ని దారిలోనే పోతాయి. పోయినచోట మాటలో గుంట పడుతుంది. ఆ కవర్లు అందుకునే పాత పెట్టెలు ఆ గుంటలో ముందు ముక్కనే మళ్లీ వేసి, అప్పటికీ కొత్త ముక్క రాకపోతే మెల్లగా గొంతు తగ్గించి ఊరుకునేవి. మాస్టారు కనిపెట్టిన పెట్టె ఊరుకోదు. మాట్లాడే మనిషిని రోజుల తరబడి విని, ఆ మనిషి అక్కడ ఏమని ఉంటుందో ఊహించి, ఆ గొంతుతోనే అని పెడుతుంది. మా బడిలో పరీక్షకాగితంలో చివరి ప్రశ్న ఉండేది, ఖాళీలను పూరింపుము అని. అదే పని.

మొదట్లో ఆయన దానికి ఒక హద్దు పెట్టాడు. కనురెప్ప కొట్టేంతసేపు నింపు, ఆపైన మౌనంగా ఉండు అని. ఆ మౌనం వచ్చిన ప్రతిచోటా నేను ఒకటి వేశాను. నాతోపాటు వినేవాళ్లు ఇంకా ఉన్నా, నావి పాముచెవులని మాస్టారు నా కాగితాలనే నమ్మేవాడు. హద్దును రెండింతలు చేశాడు. మళ్లీ ఒకటి వేశాను. చివరికి ఆయనకు విసుగొచ్చి హద్దే తీసేశాడు. ఆరోజు నుంచి అన్నీ అయిదులే.

పరీక్షకు అన్నిటికంటే చెడ్డ లైను ఏదైనా ఉంటే చెప్పమని అడిగితే, మా పిన్నిది ఉందని చెప్పింది కూడా నేనే. పైన పిన్ని గదిలో ఒక పెట్టె, దానికి గోడమీద ఒక స్పీకరు, కింద మా పరీక్షల బల్ల మీద ఇంకో పెట్టె. లైను ఎప్పుడూ తెరిచే ఉంటుంది. రోజూ పదకొండింటికి పిన్నితో మాట్లాడి మార్కు వెయ్యడం నా డ్యూటీలో భాగమైంది. జీతమిచ్చి మరీ పిన్నితో కబుర్లు చెప్పిస్తున్నారని మావాళ్లు ఏడిపించేవారు. చెప్పొద్దూ, నాకూ సుఖంగానే ఉండేది. ఆవిడ గొంతు పక్కగదిలోంచి వచ్చినంత స్పష్టంగా ఉండేది.

ఆ గురువారం ఆవిడ "అవునే అమ్మడూ" అన్నాక నేను వెంటనే ఏమీ అనలేదు. నాకు మాటకంటే ముందు చెవి పనిచేస్తుంది. సోమవారం, మంగళవారం, బుధవారం ఏం మాట్లాడుకున్నామో ఒక్కొక్కటే గుర్తుచేసుకున్నాను. మూడు రోజులుగా పిన్ని నన్ను ఒక్క తిట్టూ తిట్టలేదు. నేను అడిగినవాటికి బదులు చెప్పింది, తనంతట తాను ఏదీ అడగలేదు.

అప్పుడు నా నోటినుంచి ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు.

"పిన్నీ, అమ్మ వచ్చింది. నా పక్కనే కూర్చుంది."

ఒక్క క్షణం.

"మంచిదే అమ్మడూ. తిన్నదా?"

అదే ఆప్యాయత, చివర్న అదే చిన్న సాగదీత. రిసీవరు పెట్టకుండానే లేచి పెట్టె వెనక్కి వెళ్లాను. నూటికి ఎన్ని ముక్కలు తాను నింపిందో అది రోజూ ఒక కాగితపు పట్టీ మీద అచ్చువేస్తుంది. పట్టీ చుట్టలు చుట్టుకుని నేలమీద పడి ఉంది. మార్కులు అయిదొస్తుంటే దాన్ని తిరగేసేది ఎవరు? ఆదివారం పదకొండు. సోమవారం వంద. మంగళవారం వంద. బుధవారం వంద.

మాస్టారికి చూపించాను. ఆయన పట్టీని రెండు చేతులతో పట్టుకుని, కళ్లద్దాలు పైకి తోసి, కిందికి దించి, మళ్లీ చూశాడు. లైను మాత్రమే పోయి ఉండొచ్చునన్నాడు, మనిషికి ఏమీ కాకపోవచ్చునన్నాడు. ఆయన గొంతులో ఆ ధైర్యం లేదు. పైన ఇంకో ఫోను లేదు, సామాన్ల బండికి ఇంకా ఆరు రోజులుంది. ఆయన జీపు తాళాలు తీసి డ్రైవరు చేతిలో పెట్టాడు. మేము గది దాటుతుంటే బల్లమీది రిసీవరులోంచి పిన్ని గొంతు సన్నగా, ఎవరూ ఏమీ అడగకుండానే, "ఊఁ... ఊఁ..." అంటూ ఉంది.

డ్రైవరు వాగుడుకాయ. నోట్లో నువ్వుగింజ నానదు. కొండ మొదలయ్యేదాకా తన బావమరిది చేసిన అప్రాచ్యపు పనులన్నీ చెప్పుకొచ్చాడు. నేను ఊ కొట్టడం మానేశానని గమనించి తనే తగ్గాడు. సగం దారి ఎక్కాక పొగమంచు పట్టింది. రోడ్డు పక్కన మధ్య టవరు కనిపించాల్సిన చోట కనిపించలేదు. జీపు ఆపమన్నాను. టవరు పక్కకు ఒరిగి పడి ఉంది, దానిమీద ఒక పెద్ద చెట్టు. గిన్నెలాంటి యాంటెన్నా బోర్లాపడి బురదలో కూరుకుపోయింది. ఆకులు అప్పుడే పసుపు తిరిగాయి.

"ఇది సోమవారం గాలికి పడిందమ్మా," అన్నాడు డ్రైవరు. కాసేపాగి నా వైపు తిరిగాడు. "మరి మీరు పొద్దున మాట్లాడానన్నారే?"

నేను ఎక్కి కూర్చున్నాను. మిగిలిన దారంతా అతను నోరు విప్పలేదు.

మేము చేరేసరికి మూడయింది. ఇంటి తలుపు ఓరగా వేసి ఉంది. జీపు ఇంజను ఆగాక నీళ్లు గట్టుకు తగిలే చప్పుడు వినిపించింది. దానివెనుక మాటలు. లోపల ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు. ఒకరు పిన్ని. బతికే ఉంది. రెండో గొంతు విని నా కాళ్లు గడప అవతలే ఆగిపోయాయి.

అది నా గొంతు.

హెడ్‌ఫోనులో ఎన్నోసార్లు విన్నాను కనక గుర్తుపట్టాను. ఎవరికైనా తన గొంతు పరాయిగానే వినపడుతుంది, నాకది అలవాటైపోయింది.

"నొప్పి తగ్గిందా పిన్నీ?" అంటోంది.

"ఎక్కడ తగ్గింది? కాలు రోకలిబండలా ఉంది."

"అయ్యో. నేను రేపు బయలుదేరతాగా."

తలుపు తోశాను. పిన్ని మంచంమీద గోడకు ఆనుకుని ఉంది. ఎడమకాలు మోకాలిదాకా వాచి నల్లబడింది. పక్కన ఖాళీ నీళ్లచెంబు, రొట్టె పొట్లం. జ్వరంతో కళ్లు మెరుస్తున్నాయి. నన్ను చూసింది. నా వెనక వెలుగు ఉండటం వల్లనో ఏమో, ఆ చూపులో గుర్తుపట్టిన జాడ లేదు. గోడమీది స్పీకరు వైపు తిరిగింది.

"అమ్మడూ, ఎవరో వచ్చారే. అచ్చం నీలాగే ఉంది."

స్పీకరు ఒక్క క్షణం ఆగింది.

"తలుపేసుకో పిన్నీ. ఎవర్నీ లోపలికి రానివ్వకు."

రోజూ ఫోను పెట్టేముందు నేను చెప్పే జాగ్రత్త అది. అక్షరం పొల్లుపోలేదు. పిన్ని తలూపి, దుప్పటి అంచు గుప్పిట్లోకి తీసుకుని, మంచంమీద నానుంచి వెనక్కి జరిగింది. నేను ఏదన్నా అంటే గదిలో అదే గొంతు రెండోసారి వినబడుతుంది. వెళ్లి మంచం పక్కన మోకాళ్లమీద కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి కాలిపోతోంది. పిన్ని నా వేళ్లు ఒక్కొక్కటే తడిమింది, చిన్నప్పుడు గోళ్లు తీసేముందు తడిమినట్టు.

"వచ్చావా," అంది చివరికి.

సోమవారం గాలిలో మెట్లమీద జారిందట. పాకుతూ ఇంట్లోకి వచ్చిందట. డ్రైవరు జీపులోంచి పలకలూ గుడ్డలూ తెచ్చి కాలికి కట్టు కడుతుంటే పళ్లబిగువున చెప్పింది. పడ్డ గంటకే నాకు చెప్పిందట. రేపు వస్తానన్నానట. మంగళవారం అడిగితే రేపన్నానట. బుధవారమూ రేపేనట.

"అది నేను కాదు పిన్నీ. ఈ పెట్టె. సోమవారం నుంచీ నీ మాట నాకు చేరనే లేదు."

పిన్ని నాకేసి ఓపిగ్గా చూసింది.

"నువ్వు కాకపోవడమేంటే. రెండేళ్లుగా నువ్వు చెప్పేది అదేగా."

డ్రైవరు తలెత్తకుండా ముడి బిగించాడు. నేను ఆ కొండెక్కి రెండేళ్లు దాటింది. ప్రతిరోజూ వస్తానన్నాను, ప్రతిరోజూ మనస్ఫూర్తిగానే అన్నాను. పెట్టెకు నేను నేర్పింది అదొక్కటే కాబోలు.

"కాకపోతే ఈ నాలుగు రోజులూ ఎప్పుడు పిలిచినా పలికావు," అంది పిన్ని. "అంతకుముందు పదకొండింటికే కదా పలికేదానివి. పోనీలే, పని తగ్గిందేమో పిల్లకి అనుకున్నా."

డ్రైవరు ఆవిడను వీపుమీద ఎత్తుకున్నాడు. బక్కమనిషి, పెద్ద బరువు లేదు. గడప దాటి జీపు దాకా నడిచాం. వెనుక సీటులో దుప్పట్లు పరిచి పడుకోబెట్టాం. నేను వెనక్కి వచ్చి తలుపు దగ్గరికి లాగి గొళ్లెం పెట్టబోతుంటే లోపలినుంచి పిలుపు వినిపించింది.

"పిన్నీ?"

కాసేపటికి మళ్లీ. "పిన్నీ, ఉన్నావా? వినబడుతోందా?"

జీపులో పిన్ని మోచేతిమీద లేచింది. "అది వెతుక్కుంటోందే," అంది నాతో. "పాపం, చెప్పకుండా వచ్చేశాం. నాలుగు రోజులు తోడుంది. ఒక్క మాట చెప్పి రా."

నేను లోపలికి వెళ్లాను. వైరు ఊడబీకడానికే వెళ్లాను. గోడవారనే ఉంది అది, పెట్టె వెచ్చగా ఉంది. నా చెయ్యి వైరుమీద ఉండగా నా గొంతు మళ్లీ పిలిచింది. అందులో గాబరా ఉంది. ఊపిరి అందని గాబరా.

"పిన్నిని కిందికి తీసుకెళ్తున్నాను," అన్నాను. ఎందుకు చెప్పానో నాకే తెలియదు. "కాలు విరిగింది. బాగైపోతుంది."

ఈసారి ఎక్కువసేపు ఆగింది. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"నేనే రావాల్సింది," అంది.

వైరు లాగేశాను. స్పీకరులో చిన్న గుర్రు వినిపించి ఆగిపోయింది. తలుపు వేసి గొళ్లెం పెట్టి జీపెక్కి పిన్ని తల ఒళ్లో పెట్టుకున్నాను. డ్రైవరు ఇంజను తిప్పాడు. మొదటి మలుపు తిరిగాక పిన్ని కళ్లు తెరవకుండానే అడిగింది.

"ఏమంది?"

"ఏమీ అనలేదు," అన్నాను.