గుమ్మం బయటి చెప్పులు

"రాజకీయాలను చెప్పులతో పాటు గుమ్మం బయటే విడిచి రండి." ఇది మా పాస్టర్ ప్రసన్నయ్య మాట. మగ్గాల పనికి మేం రాష్ట్రం దాటి వలసొచ్చిన ఈ భేస్తాన్‌లో మా ప్రార్థన మందిరం మగ్గాల షెడ్డు పక్కనే ఉంటుంది. ఆ చప్పుడులో ఏది వినపడకపోయినా ఈ మాట మాత్రం వినపడేది. వింటే నాకు ఒళ్లు మండేది.

మొదటి లాక్‌డౌన్‌లో నా భర్త లక్ష్మీరాజం కరోనాతో పోయాడు. రోగం అంటుకుంటుందని బస్తీవాళ్లు సమాధుల దొడ్డి గేటుకు అడ్డం నిలబడ్డారు. అందరికంటే ముందు నిలబడ్డది మా వార్డు నాయకుడు.

"జర మీరొచ్చి అడుగుండ్రి అయ్యగారూ" అని పాస్టర్ కాళ్లమీద పడ్డాను.

"సంఘం రాజకీయాల జోలికి పోవద్దమ్మా" అన్నాడు.

నా మనిషిని కాల్చేశారు. ఆస్పత్రివాళ్లు ఇచ్చిన ఆయన చెప్పులను నేనే ఖాడీ కాలువ మురుగునీళ్లలో పారేశాను.

మందిరం మళ్లీ తెరిచిన ఆదివారం ఆ చెప్పులు గుమ్మం దగ్గర ఉన్నాయి. తెగిన వారుకు నీలం నూలుతో, పోగు తెగితే మగ్గం మీద వేసే ముడి. ఆయన చేతి ముడి నాకు తెలియదా? అందరూ చూశారు, తప్పుకొని లోపలికి పోయారు. ప్రతి ఆదివారం ఇదే తంతు.

ఇంతలో మా అత్త లలితమ్మకు దగ్గు పట్టుకుంది. "నన్నైతే కాల్చనియ్యకు బిడ్డా, మట్టిల పెట్టు" అని నా చెయ్యి వదిలేది కాదు. నేనేమని మాటివ్వను, నా ఖర్మ!

ఎన్నికలొచ్చాయి. ఆ నాయకుడే బూట్లతో లోపలికొచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడు. "మాకు అన్ని పార్టీలు ఒక్కటే" అంటూ ప్రసన్నయ్య ఆశీర్వాద ప్రార్థనకు కళ్లు మూసుకున్నాడు.

పక్క షెడ్డులో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. గుమ్మం దగ్గరినుంచి చెప్పుల చప్పుడు లోపలికొచ్చి మా మధ్యనుంచే నడిచింది. మనిషి లేడు. కాలిన వాసన వచ్చింది.

ప్రసన్నయ్య కళ్లు తెరిచి కిందికి చూశాడు. ఎప్పుడూ వట్టి కాళ్లతో నిలబడే మనిషి కాళ్లకు ఆ చెప్పులున్నాయి. వంగి లాగాడు, రాలేదు. నీలం ముడి ఇంకా బిగుసుకుంది. చెప్పులే ఈడ్చుకుపోయినట్టు నాయకుడి ముందుకొచ్చి హిందీలో అడిగాడు: "సాబ్, మా శవాలకు ఆ గేటు తెరిపిస్తారా, లేదా?"

"తెరిపిస్తాను" అని నాయకుడు గొణిగాడు. అంతే! అంత తేలిక. చెప్పులు ఊడి పక్కకు పడ్డాయి.

మా అత్త దగ్గు ఆపుకుంటూ లేచింది.

"గీ ఒక్క మాట పోయినేడు అడుగుతే, నా కొడుకు మట్టిల ఉండేటోడు గద అయ్యా" అంది.