ఆగి ఆగి నడిచే మెషిన్

నాన్నకు ఊపిరందించే ఆక్సిజన్ మెషిన్ రోజుకు మూడు నాలుగుసార్లు ఉన్నట్టుండి ఆగిపోతోంది. ఊరంతా అక్కా అని పిలిచే ఆయన కూతురు, ముందుగదిలోని రిపేరు షాపు నుంచి పరుగెత్తుకొచ్చేసరికి మళ్ళీ తిరుగుతూ ఉంటుంది. టీవీలు బాగుచేసి అందరిచేతా శభాష్ అనిపించుకున్న మనిషికి సొంత ఇంట్లో ఇదేం గ్రహచారం! ఈసారి ఆగి మళ్ళీ తిరగకపోతే?

మీటరు పెడితే అంతా సవ్యంగానే ఉంది. కరెంటు ఎక్కడ తెగుతోందో గీత గీసి చూపించే ఆసిలోస్కోప్ కావాలి. సొంత తెరతో వచ్చేది కొనే తాహతు లేదు. కంప్యూటరుకు తగిలించుకునే చిన్న డబ్బా అయితే చాలు. పేరున్న కంపెనీది కొనమన్నాడు షాపులో సాయంగా ఉండే తమ్ముడు.

"దాని సాఫ్ట్‌వేర్ పది సెకన్లు రికార్డు చేసి మూతి ముడుచుకుంటుందిరా! ఈ మెషిన్ నాకు చెప్పి ఆగుతుందా?" అని కసిరింది అక్క. "అదే ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరైతే రోజంతా రికార్డు చేస్తుంది. మన పాత లాప్‌టాప్‌లోనూ నడుస్తుంది."

ఆ సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టే డబ్బాల జాబితా నాలుగు రోజులు జల్లెడ పట్టి, అందులో చవకైనది తెప్పించింది. నాన్న కునుకు తీస్తుండగా మెషిన్ స్విచ్‌కు ముందొక క్లిప్పు, వెనకొక క్లిప్పు తగిలించింది. స్విచ్ దాకా వచ్చే కరెంటు పసుపు గీత, స్విచ్ దాటి వెళ్ళేది నీలం గీత. లాప్‌టాప్‌ను ఆయన తల వెనక బల్ల మీద పెట్టి షాపులోకి వెళ్ళిందే గానీ, ప్రాణమంతా ఆ గదిలోనే ఉంది.

మధ్యాహ్నం, మెషిన్ ఆగితే మోగే అలారం మోగింది. పరుగున వస్తే షరా మామూలే, మెషిన్ తిరుగుతోంది.

"ఆగి మళ్ళీ వచ్చిందమ్మా. కాసేపు ఇక్కడే కూర్చుని చూడు" అన్నాడు నాన్న.

రికార్డింగ్ వెనక్కి తిప్పి చూసింది. పసుపు గీత చెక్కుచెదరలేదు. నీలం గీత మాత్రం టక్కున పడి, ఏడు సెకన్లకు టక్కున లేచింది. అయితే స్విచ్చే పాడైందన్నమాట! వేలితో తట్టింది, అటూ ఇటూ కదిపింది. గీత ఇసుమంతైనా వణకలేదు. స్విచ్ గట్టిగా ఉంది. ఎవరో నొక్కితే తప్ప అది ఆగదు.

కోపం నషాళానికంటింది. "నువ్వే ఆపుతున్నావా నాన్నా? ఊపిరందకపోతే ఏం కాను?"

నాన్న దుప్పటి అంచు సవరించుకున్నాడు.

"పొద్దున మందులిచ్చి వెళ్తే మళ్ళీ చీకటి పడ్డాకేగా నువ్వొచ్చేది" అని గొణిగాడు. "ఇది ఆగితే మాత్రం వెంటనే వస్తున్నావు."

ఇన్నాళ్ళూ అక్క మెషిన్ దగ్గరికి పరుగెత్తిందే తప్ప, ఒక్కసారీ ఆయన ముఖం సరిగ్గా చూడలేదు. సిగ్గేసింది. కళ్ళు తుడుచుకుని ముందుగదికి వినపడేలా కేకేసింది.

"తమ్ముడూ, ఆ విప్పిన టీవీని ఇక్కడికే మోసుకురారా!"