కొంగకాళ్ళ బండి

మా ట్రక్కు ఎక్కాలంటే నాకు పాలసీసాల ప్లాస్టిక్ పెట్టె ఒకటి కావాలి. తలుపు పిడికి తాడుతో కట్టి ఉంటుంది. దాని మీద కాలు పెట్టి ఎక్కి, సీట్లో సర్దుకున్నాక తాడు లాగి పెట్టెను కూడా లోపలికి తీసుకుంటాను. ఆ తర్వాత చూడాలి నా వైభోగం. పీస్ నదికి ఇవతల మా పికప్ కన్నా ఎత్తయిన బండి లేదు. ఎదురొచ్చే కార్లలో వాళ్ళ నడినెత్తులు కనిపిస్తాయి నాకు. ఎవరి జుట్టు పల్చబడుతోందో ఊరందరికన్నా ముందు నాకే తెలుస్తుంది.

మా ఆయన ఒరెస్ట్ దాన్ని ఎత్తు పెంచింది మా కొట్టంలోనే, తన చేతులతోనే. స్ప్రింగులు మార్చి, ఇనుప దిమ్మెలు దూర్చి, కింద గంగాళాల్లాంటి వెడల్పాటి బురద టైర్లు వేశాడు. ఆదివారం చర్చి నుంచి రాగానే కోటు విప్పి, వాటి పక్కన చతికిలబడి, నల్ల పాలిష్ పెట్టి తుడిచేవాడు. పెళ్ళయిన కొత్తలో నన్ను కూడా అంత శ్రద్ధగా చూసుకోలేదు. అయినా నాకు కోపం రాలేదు. ఆ బండంటే ఆయనకెంత పొగరో నాకూ అంతే.

ఆ పొగరుకి కారణం కెటిల్ కొండ. మా వైపు నుంచి టౌనుకి వెళ్ళాలంటే నది మీద వంతెన దాటగానే ఆ కొండ ఎక్కి తీరాలి. ఏటా మొదటి పెద్ద మంచు పడిన పొద్దున, రోడ్డు జారకుండా ఇసుక చల్లే బండి రాకముందే, ఇటువైపు మగాళ్ళంతా ట్రక్కులేసుకుని వంతెన దగ్గర చేరతారు. ఎందుకని అడక్కండి, వాళ్ళకీ తెలియదు. కొండ మీద ఎవడైనా ఇరుక్కుంటే, వాడి వెనకొచ్చేవాడు వదిలేసి పోకూడదు. ఆగి, బండ్లు లాగే పట్టీ తగిలించి, పైకి లాగాలి. లాగించుకున్నవాడు నెత్తిమీది టోపీ తీసి లాగినవాడి చేతిలో పెట్టాలి. మామూలుగా ఏమవుతుందంటే, ఆగినవాడు కూడా మళ్ళీ కదల్లేక అక్కడే ఇరుక్కుంటాడు. ఒరెస్ట్ మాత్రం వంతెన మీద నుంచే ఊపు అందుకుని, అందరికన్నా ముందు, ఒక్క పరుగున పైకెక్కేసేవాడు. తర్వాత పై నుంచి పొడవాటి తాడు వేసి ఒక్కొక్కణ్ణీ లాక్కునేవాడు. మా కొట్టం గోడ నిండా టోపీలే. ఒరెస్ట్ టోపీ మాత్రం ఎవరి గోడా ఎక్కలేదు.

ఈ వేసవిలో నా కిడ్నీలు చేతులెత్తేశాయి. వారానికి మూడుసార్లు టౌను ఆసుపత్రిలో డయాలసిస్ మిషన్ పక్కన పడుకోవాలి. వేసవిలో ఇబ్బందేం లేదు. ఉడికించిన పెరోగీ కజ్జికాయలు డబ్బాలో పెట్టుకుని, ఆయన పక్కన ఎత్తుగా కూర్చుని, పిక్నిక్‌కి వెళ్ళినట్టే వెళ్ళేదాన్ని.

సెప్టెంబరు పూర్తవకుండానే తొందరపడి మంచు ఒక పొర పడింది. వంతెన దాటాం. ఒరెస్ట్ ఎప్పటిలా ఊపు అందుకోబోయి నా వంక చూశాడు. సూదులు గుచ్చే చెయ్యి నేను ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాను. బండి ఎగిరిపడితే ఆ చెయ్యి నరకం చూపిస్తుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేశాడు. మెల్లగా ఎక్కిద్దామని చూశాడు. మెల్లగా వెళ్ళేసరికి ఆ గంగాళాలు మంచు మీద తేలిపోయాయి. సగం కొండ ఎక్కి, ఆగి, వెనక్కి జారుకుంటూ మళ్ళీ వంతెన దగ్గరికే వచ్చిపడ్డాం. ఆ రోజు మిషన్ తప్పిపోయింది. మర్నాటికి నా మొహం పులిసిన పిండిలా పొంగింది, ఊపిరాడలేదు.

వార్డులో పెద్ద నర్సు డెనీస్ మంచి మనిషే. అందుకే కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. "ఇంకొక్కసారి తప్పితే నేనొప్పుకోనమ్మా. ఆసుపత్రి వెనక గది అద్దెకుంది. మంచు కరిగేదాకా అక్కడే ఉండిపో."

ఆ గది చూసొచ్చాను. కిటికీ తెర తీస్తే పక్కింటి గోడ. పశువుల్ని వదిలి ఒరెస్ట్ రాలేడు. చలికాలమంతా ఆ గోడతో నేనేం మాట్లాడను? చచ్చినా వెళ్ళనని ఇంటికొచ్చి చెప్పాను. ఒరెస్ట్ టోపీ సర్దుకుని, "అయితే టైర్లు చూద్దాం పద," అన్నాడు.

టైర్ల కొట్టు ఇవెట్ లబూకన్‌ది. చిన్నప్పటి నుంచీ నన్ను అక్కా అంటుంది, అంటూనే ఆటపట్టిస్తుంది. మేం వెళ్ళేసరికి ఒరెస్ట్ తమ్ముడు మెర్విన్ కూడా అక్కడే కాఫీ తాగుతూ తగలడ్డాడు. కొట్లో అడుగుపెట్టగానే ఒరెస్ట్ కాళ్ళు వాటంతటవే కొత్త బురద టైర్ల దగ్గరికి వెళ్ళాయి. వాటి లావుపాటి పళ్ళ మీద చెయ్యి వేసి నిమురుతున్నాడు.

"ఏంటన్నా, మళ్ళీ వెడల్పువేనా?" అంది ఇవెట్.

"వెడల్పుంటేనే కదా పట్టు."

"బురదలో పట్టు. మంచు మీద పడవలే అవి. పైగా చలికి ఆ రబ్బరు రాయైపోద్ది."

"ఇన్నేళ్ళూ కొండెక్కింది వీటితోనేగా?"

"ఎక్కింది టైర్లు కాదన్నా, నీ దూకుడు. ఇప్పుడు అక్క పక్కనుంటే దూకగలవా?"

ఇవెట్ లోపలికి వెళ్ళి ఒక టైరు దొర్లించుకొచ్చింది. ఎత్తు మా వాటంతే ఉంది. వెడల్పు చూస్తే జాలేసింది. పక్కన కొండ బొమ్మ, అందులో మంచుపువ్వు గుర్తు, అంటే చలికాలం టైరన్నమాట. రబ్బరు మీద బొటనవేలు పెడితే మెత్తగా దిగింది. పళ్ళ నిండా సన్నటి కోతలు, ఇనుప మేకులు కొట్టడానికి బెజ్జాలు.

"ఇది తేలదు. మంచుని కోసుకుని కింద రోడ్డుని పట్టుకుంటది," అంది.

మెర్విన్ కాఫీ పొలమారేలా నవ్వాడు. "అంతెత్తు బండికి ఇవా? కొంగకాళ్ళే! వదినా, నువ్వు తల దించుకుని కూర్చోవాలి ఇంక. జనం చేపలున్నాయా అని అడుగుతారు."

"నీ బండి చూసి పందికి మేత వేశారా అని అడగట్లేదా? నోర్ముయ్," అన్నాను.

అన్నానే గానీ, లోపల నాకూ గుచ్చుకుంది. ఒరెస్ట్ నా వంక తిరిగాడు. పాతికేళ్ళలో బండి విషయంలో నన్ను సలహా అడిగిన మనిషి కాదు. "జెన్యా, నువ్వు చెప్పు," అన్నాడు. ఆయనకి ఏది మంచిదో అర్థమైపోయింది, తన నోటితో అనలేకపోతున్నాడు. ఆ లావు టైర్ల మీద చెయ్యి మాత్రం తియ్యలేదు.

నా మనసు ఏమందో దాచను. లావువే తీసుకో అనాలనిపించింది. నా రోగం నా ఉప్పు తినేసింది, నా నిద్ర తినేసింది, ఇప్పుడు ఆయన బండిని కూడా తింటుందా అని ఏడుపొచ్చింది. కానీ కళ్ళు మూసుకుంటే ఆ గది గోడ కనపడింది.

"ఇవెట్, మెల్లగా వెళ్తే ఎక్కుతుందా ఇది?"

"మెల్లగా వెళ్తేనే దీనికి ఇష్టం, అక్కా."

"ఆగి, మళ్ళీ బయల్దేరితే?"

"కొండ మీదా? బయల్దేరుద్ది. తొందరపడకూడదు, అంతే."

"మేకులు కొట్టి ఇవే బిగించు," అన్నాను.

మెర్విన్ కప్పు కింద పెట్టాడు. "అయితే అన్నా, నీ లావువి నాకిచ్చెయ్. ఈ ఏడు టోపీలన్నీ నావే." ఒరెస్ట్ తలూపాడు. తన టైర్లు తమ్ముడి బండిలోకి ఎక్కుతుంటే అటు చూడలేక, బయట పొగచూరిన గోడని చూస్తూ నిలబడ్డాడు.

ఇంటికొచ్చాక దిగి చూశాను. సత్యంగా చెబుతున్నా, మెర్విన్ అబద్ధమాడలేదు. అంత పెద్ద ఒళ్ళు, కింద సన్నకాళ్ళు. పెళ్ళికి తండ్రి కోటు తొడుక్కొచ్చిన పిల్లాడిలా నిలబడింది. ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఒరెస్ట్ పాలిష్ డబ్బా తీయలేదు. ఆ తర్వాతి ఆదివారమూ తీయలేదు. ఆ టైర్లను చేత్తో తాకింది లేదు.

నవంబరులో అసలు మంచు పడింది. ముందురోజంతా కురిసి, పొద్దుటికి ఆకాశం గాజులా తేటపడింది. సరిగ్గా ఆ రోజే నా మిషన్ రోజు. వంతెన దగ్గరికి వచ్చేసరికి ట్రక్కులన్నీ బారులు తీరి ఉన్నాయి. మా కాళ్ళు చూసి ఎవరో హారన్ కొట్టారు, ఇంకెవరో కొంగలా మెడ సాచి చూపించారు. ఒరెస్ట్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా అద్దం దించి, "జెన్యాకి టైమవుతోంది, ముందు వెళ్తాం," అన్నాడు. అందరూ తప్పుకున్నారు. మెర్విన్ తప్ప.

మేం కొండ మొదలుపెట్టేలోపే మెర్విన్ మమ్మల్ని దాటుకుని దూసుకుపోయాడు. మా పాత టైర్లు ఎగజిమ్మిన మంచు మా అద్దం మీదే పడింది. సగం కొండ దాకా రాజాలాగే వెళ్ళాడు. అక్కడ మలుపులో ఊపు చచ్చింది. చక్రాలు గింగిరాలు తిరిగాయి, బండి పక్కకి ఒరిగి, తోక రోడ్డు పక్క గాడిలో దిగి, ముక్కు రోడ్డు వైపు పెట్టుకుని ఆగిపోయింది.

మేం పాకుతున్నాం. నిజంగా పాకడమే. కింద మేకులు కరకరలాడుతున్నాయి. నా చెయ్యి ఒళ్ళో ఉంది, ఒక్క కుదుపు లేదు. మెర్విన్ దగ్గరికి వచ్చాం. పక్క నుంచి పోవడానికి దారి ఉంది.

"పోనిస్తా," అన్నాడు ఒరెస్ట్. "ఇక్కడ ఆగితే మళ్ళీ కదుల్తామో లేదో. వాడు ఇసుక బండి వచ్చేదాకా ఉంటాడు, చావడు."

"ఆపు."

"పిచ్చా నీకు? ఇవ్వాళ తప్పితే డెనీస్ నిన్ను ఇంటికి రానీదు!"

"తెలుసు. ఆపు."

ఎందుకన్నానో ఆ క్షణమే నాకు తెలుసు. వేసవి నుంచీ నా కోసం అన్నీ మినహాయింపులే. నా కోసం ఒరెస్ట్ వేట మానేశాడు. నా కోసం హాకీ మానేశాడు. నా కోసం టైర్లు వదులుకున్నాడు. ఇక నా కోసం కెటిల్ కొండ మీద మనిషిని వదిలేసి పోయాడన్న మాట కూడా పుట్టాలా? మా బండి ఎవర్నీ వదిలి పోయిన బండి కాదు. కాళ్ళు సన్నబడితే మాత్రం?

"ఇవెట్ చెప్పింది కదా, తొందరపడకుండా బయల్దేరమని. నీకు తొందరపడకపోవడం చేతకాకపోతే దిగు, నేను నడుపుతా," అన్నాను.

ఒరెస్ట్ నన్ను ఒక్క చూపు చూసి, మెర్విన్ ముందుకి తెచ్చి బండి ఆపాడు. దిగి, పట్టీ మా వెనక కొక్కేనికి వేసి, మెర్విన్ బండి ముక్కుకి తగిలించాడు. కింద వంతెన దగ్గర ఇంజన్లన్నీ ఆగిపోయాయి. అందరూ తలెత్తి చూస్తున్నారు. ఇప్పుడు జారితే ఆ గోడ గది ఖాయం, అదీ నా నోటి దూలవల్లే.

ఒరెస్ట్ ఎక్కి కూర్చుని, పాదం అలా ఆనించాడు. పట్టీ బిగిసింది. బండి వణికింది. ఒక చక్రం చిన్నగా తిరిగి, మంచుని కోసుకుంటూ కిందకి దిగి, దేన్నో పట్టుకుంది. ఆ పట్టుకోవడం నా సీటు కింద నాకు తెలిసింది. మెల్లగా కదిలాం. వెనకాల మెర్విన్ బండి గాడిలోంచి మూలుగుతూ బయటికొచ్చింది. అలా ఇద్దరన్నదమ్ముల బండ్లూ పైదాకా వెళ్ళాయి. కింద నుంచి హారన్లు మోగాయి, ఈసారి వెక్కిరింతకి కాదు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. మా బండిని చూసి నేను అంత గర్వపడింది ఎప్పుడూ లేదు.

పైన మెర్విన్ దిగొచ్చి, విత్తనాల కంపెనీవాళ్ళిచ్చిన జిడ్డు టోపీ తీసి అన్నకివ్వబోయాడు. ఒరెస్ట్ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

"నాకు కాదు. ఆపమంది మీ వదిన, టైర్లు ఎంచింది మీ వదిన."

పాలపెట్టెను తాడుతో కిందకి వదిలాను, మెర్విన్ దాని మీద ఎక్కి మరీ నా కిటికీకి అందించాడు. "తీసుకో వదినా. కొంగ అన్నందుకు నా నాలుకా కోసిస్తా, కావాలంటే."

"నాలుక నీ దగ్గరే ఉంచుకో, వచ్చే ఏడు కూడా ఏదో ఒకటి కూస్తావుగా," అన్నాను. తలకి కట్టుకున్న రుమాలు విప్పేసి టోపీ పెట్టుకున్నాను. ట్రాక్టరు నూనె వాసనా, మెర్విన్ తలనూనె వాసనా రెండూ కొట్టాయి. తీయలేదు.

వార్డులోకి అలాగే వెళ్ళాను. డెనీస్ గడియారం చూసి, నన్ను చూసి, "ఈ మంచులో ఎలా వచ్చావమ్మా? ఆ టోపీ ఏంటి?" అంది.

"గెలుచుకున్నా. ఆ గది ఇంకెవరికైనా ఇచ్చెయ్," అని చెయ్యి చాపాను.

సూదులు గుచ్చి, మిషన్ పెట్టింది. నా మంచం పక్క కిటికీలోంచి ఆసుపత్రి బండ్లు నిలిపే చోటు కనపడుతుంది. ఒరెస్ట్ అక్కడ మా బండి పక్కన చతికిలబడి ఉన్నాడు. చేతిలో పాలిష్ డబ్బా లేదు, గుడ్డా లేదు. కోటు చెయ్యి లాక్కుని, దాంతోనే ఆ సన్న టైరు మీద మంచు తుడుస్తున్నాడు. ఒకటి అయ్యాక రెండోదాని దగ్గరికి జరిగాడు.