నాలోని ఒకే ఒక్క సొంత వాక్యం

నేను ఒక ప్రాక్టికల్ రికార్డును. జువాలజీది. గట్టి అట్ట, ఒక వైపు గీతల కాగితం, ఇంకో వైపు బొమ్మలు వేయడానికి తెల్ల కాగితం. ఖమ్మం దగ్గర ఒక చిన్న ఊరి డిగ్రీ కాలేజీలో తొమ్మిదేళ్లుగా చేతులు మారుతున్నాను. నా మీద ఎవరూ కేసు పెట్టలేదు, పెట్టరు కూడా. అయినా నావల్ల ఒక తప్పు జరిగింది. అది మీకు చెప్పుకుంటే తప్ప నా మనసు కుదుటపడదు.

నన్ను కొన్నవాడు వీరభద్రం. కొన్న వారానికే రెండు స్టూళ్ల మీద గాజు పలక వేసి, కింద బల్బు పెట్టి, పైన ఎవరో సీనియర్ రికార్డు పరిచి, దాని మీద నన్ను పరిచాడు. కింది బొమ్మ వెలుగులో పైకి కనిపిస్తుంటే పెన్సిలుతో దాని మీదే దిద్దాడు. రాత కూడా అంతే, కామాలతో సహా దించేశాడు. ప్రయోగం చేసి, కళ్లతో చూసి రాయాల్సిన పుస్తకాన్ని నేను. నాలో ఉన్నదేదీ ఎవరూ చూసింది కాదు. మనుషులు దీన్ని రికార్డు పూర్తి చేయడం అంటారు, చేశాక టీ తాగడానికి వెళ్తారు.

నా గొడవంతా నలభై ఒకటో పేజీలో ఉంది. అది పూసల ప్రయోగం. రెండు గిన్నెలు పెట్టుకోవాలి. ఒకటి తల్లి, ఒకటి తండ్రి. ఒక్కో గిన్నెలో సగం ఎర్ర పూసలు, సగం తెల్లవి. ఎర్రది మంచి జన్యువు, తెల్లది జబ్బు జన్యువు. కళ్లు మూసుకుని రెండు గిన్నెల్లోంచీ ఒక్కో పూస తీయాలి. ఆ జత ఒక బిడ్డ. రెండూ తెల్లవైతే ఆ బిడ్డకు జబ్బు. వచ్చింది రాసుకుని, పూసల్ని ఎక్కడివక్కడ వేసేసి మళ్లీ తీయాలి. ఇలా నూరుసార్లు.

వీరభద్రం ఒక్కసారి కూడా తీయలేదు. పూసల డబ్బా ల్యాబు బీరువాలో సీలు విప్పకుండానే ఉంది. సరిగ్గా రెండూ ఎర్రవి ఇరవై ఐదు, ఒక ఎర్ర ఒక తెల్ల యాభై, రెండూ తెల్లవి ఇరవై ఐదు అని వేస్తే సారుకు అనుమానం వస్తుందని ఇరవై ఆరు, నలభై తొమ్మిది, ఇరవై ఐదు వేశాడు. ఆ తెలివికి అప్పట్లో నేను మురిసిపోయాను. పేజీ అడుగున ఇంకా నాలుగు గీతలు ఖాళీగా మిగిలాయి. ఖాళీ కనిపిస్తే మార్కులు తగ్గుతాయని ఈ పిల్లలకొక భయం. కాసేపు పెన్ను కొరికి, ఇలా నింపేశాడు: "కావున నలుగురు పిల్లలలో ఒకరికి మాత్రమే వ్యాధి వచ్చును. మొదటి బిడ్డకే వచ్చినచో మిగిలిన ముగ్గురూ ఆరోగ్యవంతులుగా జన్మించెదరు."

సారు ఆ వాక్యం కింద ఎర్ర టిక్కు పెట్టి, 'గుడ్' అని రాసి సంతకం చేశాడు. చదివి పెట్టాడా అంటే, ఆ రోజు ఆయన ముందు నలభై రికార్డులున్నాయి. నాకు మాత్రం ఎక్కడలేని గర్వం వచ్చింది. మిగతాదంతా ఎవరిదో ఎంగిలి. ఈ వాక్యం ఒక్కటే నా సొంతం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

'గుడ్' ఉన్న రికార్డుకు గిరాకీ ఎక్కువ. ఏటేటా జూనియర్లు నన్ను వంతులేసుకుని ఇళ్లకు తీసుకుపోయారు. అందరూ నలభై ఒకటో పేజీని నమ్మకంగా దించుకున్నారు. చివరికి నవత చేతికి వచ్చాను.

నవత మంచి పిల్ల. కష్టపడుతుంది. కానీ ఆమె చదువంటే పసుపు రంగు పెన్నుతో గీతలు గీయడం, గీసినవి కళ్లు మూసుకుని వల్లించడం. ఒకసారి ఎందుకని అడిగితే మాత్రం నోట మాట రాదు.

వాళ్ల అక్క స్వరూపకు నాలుగేళ్ల కొడుకు, అక్షిత్. పిల్లాడికి తలసేమియా. ఒంట్లో రక్తం సరిగా తయారుకాదు, మూడు వారాలకోసారి ఆసుపత్రికి తీసుకెళ్లి ఎక్కించాలి. స్వరూప, ఆమె భర్త ఇద్దరూ పైకి ఆరోగ్యంగానే ఉంటారు. ఇద్దరిలోనూ ఒక్కో జబ్బు జన్యువు దాగి ఉంది, అంతే. స్వరూపకు మళ్లీ నెల తప్పింది. కడుపులో బిడ్డకు పరీక్ష చేయించుకోమని డాక్టరు గట్టిగా చెప్పాడు. దానికోసం కడుపులోకి గుచ్చే సూదంటే ఆమెకు భయం. ఒక ఆదివారం పుట్టింటికి వచ్చి చెల్లెల్ని అడిగింది.

"నువ్ చదివేది గదేనట గదనే. మల్ల గట్లనే పుడ్తరా?"

నవత పరుగున వెళ్లి నన్ను తెచ్చింది. నలభై ఒకటో పేజీ తీసి, ఆ వాక్యం వేలు పెట్టి చదివింది. "నలుగుర్ల ఒక్కరికేనక్కా. మనోనికి వచ్చేసింది. ఇగ మిగిలినోళ్లకు ఏం గాదు. చూడు, సారు సంతకం గూడ ఉంది."

స్వరూప నన్ను ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది, సంతోషంతో. పరీక్ష మానేసింది. ఆ రోజు నేను కూడా ఎవరికో మేలు చేశాననుకున్నాను.

రెండు నెలల తర్వాత కాలేజీకి జరీనా మేడం అని గెస్ట్ లెక్చరర్ వచ్చింది. రికార్డులన్నీ ముందేసుకుని నవ్వింది. "ముప్పై ఒక్క మందికీ ఇరవై ఆరు, నలభై తొమ్మిది, ఇరవై ఐదేనా? ఎంత క్రమశిక్షణ గల పూసలమ్మా!" అందరూ నవ్వారు. ఆమె బీరువా తెరిపించి, డబ్బా సీలు చింపి, ఒక్కొక్కరి ముందూ రెండేసి గిన్నెలు పెట్టించింది.

నవత తీసింది. మూడోసారి రెండూ తెల్లవి వచ్చాయి, రాసుకుంది. నాలుగోసారి మళ్లీ రెండూ తెల్లవే. ఆ జతను రాయకుండా గబుక్కున గిన్నెల్లో వేసేసింది. మేడం చూసింది.

"అదెందుకు రాయలేదు?"

"ఇప్పుడే వచ్చింది గద మేడం. ఇగ మూడు మంచియే రావాలె."

"ముందు ఏం తీశావో గిన్నెలోని పూసకు ఎలా తెలుస్తుంది, తల్లీ? ప్రతిసారీ మొదటిసారే."

 నవత మోచేతి కిందే నేను తెరుచుకుని ఉన్నాను. ఆమె చూపు గిన్నెల మీంచి నా మీదికి, నా వాక్యం మీదికి వచ్చింది. ఆ చూపుకు నాలో ప్రతి పేజీ చచ్చిపోయింది. స్వరూపకు అప్పుడు నాలుగో నెల. పరీక్షకు డాక్టరు చెప్పిన గడువు ఇంకా మూడు వారాలే ఉంది.

మర్నాడు నన్ను సంచిలో వేసుకుని ఖమ్మం ఆసుపత్రికి వెళ్లింది. అక్షిత్‌కు రక్తం ఎక్కుతోంది. వాడు ఆ చేయి కదపకుండా రెండో చేత్తో బిస్కెట్ తింటున్నాడు. నవత మంచం పక్కన నిలబడి అక్కకు మొత్తం చెప్పేసింది. ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుందనీ, అక్షిత్‌కు వచ్చినందువల్ల ఈ బిడ్డకు రాకుండా పోదనీ చెప్పింది.

"మరి చదివే చెప్తున్న అన్నవ్ గదనే?"

"చదివిందే చెప్పిన అక్కా. ఒక్కసారన్న చేసి చూడలే. ఎందుకని అడగలే. తప్పు నాదే."

స్వరూప ఆమెను కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. కొడుకు మూతికి అంటిన బిస్కెట్ పొడి తుడిచి, "మీ బావకు ఫోన్ జెయ్యి. హైదరాబాద్ పోవాలె," అంది. తర్వాత చాలాసేపు చెల్లెలి వైపు చూడలేదు.

పరీక్ష జరిగింది. ఫలితం కోసం ఎదురుచూసిన పన్నెండు రోజులూ నవత అన్నం సరిగా తినలేదు. చివరికి బిడ్డకు జబ్బు లేదని తేలింది. అమ్మానాన్నల్లాగే లోపల ఒక జన్యువు మాత్రం దాగి ఉందట. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఆ తర్వాత నవత చదివే తీరు మారింది. పసుపు పెన్ను పారేసింది. రెండు పేజీలు చదివి, పుస్తకం మూసి, కూరగాయలు తరుగుతున్న వాళ్లమ్మకు సొంత మాటల్లో చెప్పేది. చెప్పలేక ఆగిపోయిన చోటు పుస్తకం మళ్లీ తెరిచేది. బొమ్మలు చూసి చేత్తోనే వేసేది. అవి వంకరగా వచ్చినా ఆమెవే. జరీనా మేడం వెంట పడి సందేహాలు అడిగేది. తన రికార్డులో నలభై ఒకటో పేజీ చింపి, నూరుసార్లు పూసలు తీసి కొత్తగా రాసింది. నన్ను మాత్రం ఇంట్లో బీరువా అడుగున పెట్టేసింది. నన్ను తెరవడానికే ఆమెకు మనసొప్పలేదు.

అక్కడే నవత, నేను ఇద్దరం రెండో తప్పు చేశాం. స్వరూప చెల్లెల్ని కాపాడాలని అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. డాక్టరు పట్టుబట్టాడని మాత్రమే చెప్పింది. దాంతో వాళ్లమ్మ వాడంతా చాటింది. "మా నవత ముందుగాలనే చెప్పింది, ఏం గాదని. పుస్తకంల జూసి చెప్పింది." నవత విని తల దించుకునేది, కాదనేది కాదు. అణకువ అనుకున్నారు జనం. నేను బీరువాలో నోరు మూసుకుని పడున్నాను.

పుట్టింట్లో చేసిన స్వరూప శ్రీమంతానికి ఆమె ఆడబిడ్డ సునంద వచ్చింది. సునంద చేసుకున్నది మేనబావనే. వాళ్ల మొదటి పాపకూ ఇదే జబ్బు. ఇప్పుడు ఆమెకు మూడో నెల. తాంబూలాలు పంచుతుండగా సునంద నవత చేయి పట్టుకుంది.

"మీ అక్కకు జెప్పినట్టు నాకు గూడ ఒక మాట జెప్పు నవతా. నాకు గా పరీక్షలంటే భయం. నీ మాట కోసమే బస్సెక్కి వచ్చిన."

నవత నోరు తెరిచేలోపే వాళ్లమ్మ నన్ను బీరువాలోంచి లాక్కొచ్చి, దుమ్ము దులిపి, సునంద ఒళ్లో పెట్టింది. ఎర్ర టిక్కు ఉన్న పేజీ ఆమెకు బాగా గుర్తు. సునంద కూడబలుక్కుంటూ చదివింది. "మొదటి బిడ్డకే వచ్చినచో..." చదువుతుంటే ఆమె ముఖం వెలిగింది. ఆ వెలుగు పెట్టింది నేనే. నన్ను అప్పుడే పొయ్యిలో వేసినా సంతోషించేదాన్ని.

"అది తప్పు వదినా," అంది నవత. "నేను అక్కకు తప్పు చెప్పిన. అక్క అదృష్టం బాగుండి బిడ్డ మంచిగున్నది. పరీక్ష చేయించినంకనే తెలిసింది. నా మాటల ఏం లేదు."

నవత నన్ను తీసుకోబోయింది. సునంద వదల్లేదు. నవత పెన్ను తీసి, ఆమె ఒళ్లోనే నా మీదికి వంగింది.

"కొట్టెయ్యకు," అంది సునంద ఆ వాక్యం మీద అరచేయి పెట్టి. "ఉండనియ్యి. కొట్టెయ్యకే."

నవత ఆ చేతిని మెల్లగా పక్కకు తీసి, అటు నుంచి ఇటు ఒక గీత గీసింది. పెన్ను గట్టిగా నొక్కడంతో కింది పేజీ దాకా దిగింది. "సోమవారం నేను నీ ఎంబడి వస్త వదినా. పరీక్ష గదిల గూడ నీ పక్కనే ఉంట," అంది. సునంద సరే అనలేదు. ఆమె కళ్లలోంచి నీళ్లు నా మీద పడ్డాయి. నాలోని అక్షరాలు కొన్ని చెదిరాయి గానీ, గీత కింద నా వాక్యం ఇంకా చదవడానికి వస్తూనే ఉంది.

ఇలాంటి పేజీలు ఈ తొమ్మిదేళ్లలో ఎన్ని ఇళ్లకు చేరాయో నాకు తెలియదు. వాటి మీద ఎవరూ గీత గీయలేదు.